నాలుగో పంట ఎవరి పేరున?

“షెడ్డు తాళంచెవి ఈడ పెట్టు,” అన్నాడు ఆదిశేషయ్య, కోడలి ముఖం చూడకుండా.

నాగవేణి పెట్టలేదు. తాళంచెవి కొంగున ముడేసుకుని, చేతిలో ఉన్న గంపను షెడ్డు వెనక గోతిలోకి బోర్లించింది. అది ఆఖరి గంప. అందులో ఉన్నవి నిన్న మధ్యాహ్నం దాకా మల్బరీ కొమ్మలు కొమ్మలుగా మేసిన పట్టుపురుగులు. ఇంకో నాలుగు రోజులు బతికుంటే గూళ్లు కట్టేవి. పైన సున్నం చల్లి, పారతో మట్టి లాగింది.

“మూడోసారమ్మా ఇది. మొదటిసారంటే కొత్త. రెండోసారంటే గాచారం. మూడోసారికైనా మనిషికి బుద్ధి రావాల.”

“వస్తా ఉంది మామా.”

“ఏం వస్తా ఉంది?”

“బుద్ధే.”

కొళాయి దగ్గర పళ్లు తోముకుంటున్న చెన్నకేశవకు నవ్వొచ్చింది. రాత్రి షిఫ్టు దిగి హోసూరు నుంచి ఇప్పుడే వచ్చాడు. నవ్వితే తండ్రికి కోపం, నవ్వకపోతే పెళ్లానికి కోపం. పాపం, నోటినిండా నురగ ఉండబట్టి బతికిపోయాడు.

ఆదిశేషయ్య చెడ్డవాడని ఎవరైనా అంటే నేనొప్పుకోను. కోడలు పట్టుపురుగులు పెంచుతానంటే ఇంటి వెనక షెడ్డు కట్టించింది ఆయనే. రెండెకరాల రాగి చేను దున్నించి మల్బరీ నాటించిందీ ఆయనే. మొదటి పంట పోయినప్పుడు, రెండోది పోయినప్పుడు పల్లెత్తు మాట అనలేదు. కానీ ఓపిక అనేది బావిలో నీళ్ల వంటిది కాదు, తోడేకొద్దీ ఊరడానికి.

“ఫ్యాక్టరీ ఉపేంద్రకి మాటిచ్చినాను. ఆదివారం షెడ్డు కొలిచేదానికి టేపు తీసుకుని వస్తాడు. నడిమధ్యలో గోడలు పెడితే నాలుగు రూములవుతాయి. ఫ్యాక్టరీ పిల్లోళ్లు ఉంటారు. షెడ్డు ఖాళీగా ఏడుస్తా ఉండేదానికన్నా మనుషులుండేది మేలు కదా?”

“నేనేం చేసేది మరి?”

“గార్మెంట్సు వాళ్లు మళ్లీ పిలుస్తా ఉన్నారని నువ్వే కదా చెప్పినావు.”

ఆ మాట నాగవేణికి సూటిగా తగిలింది. మూడేళ్లు ఆ కంపెనీ వ్యాను ఎక్కింది ఆమె. తెల్లవారి ఐదింటికి చీకట్లో నిలబడి, రోజంతా చొక్కాలకు కాలర్లు కుట్టి, మళ్లీ చీకట్లో దిగేది. సొంత ఇంటిని ఆదివారం మాత్రమే వెలుతురులో చూసేది. ఆ వ్యాను ఇంక ఎక్కననే కదా ఈ పురుగుల జోలికి వచ్చింది!

“ఆదివారం దాకా టైముంది కదా మామా,” అంది. “అంతవరకు తాళంచెవి నాకాడే ఉంటుంది.”

“అంతవరకు ఏం చేస్తావు?”

“ఎందుకు చచ్చినాయో కనుక్కుంటాను.”

అప్పటికి మునిలక్ష్మమ్మ వంటింట్లోంచి వచ్చింది. ఒక చేతిలో ఉప్పు, ఇంకో చేతిలో ఎండుమిరపకాయలు. నాగవేణి అత్తగారి నోట్లో నువ్వుగింజ నానదు.

“కనుక్కునేది ఏముందమ్మా? దిష్టి! నిన్న పాలకొచ్చిన కాళమ్మ షెడ్డు పక్క ఎట్ల చూసిందనుకున్నావు? దాని కంటికి నల్లరాయి పగిలిపోతుంది. రా, ఇట్ల నిలబడు, తీసేస్తాను.”

“నాకెందుకత్తా దిష్టి? చచ్చింది పురుగులు.”

“వాటికీ తీస్తాను,” అని షెడ్డు గడప వైపు అడుగు వేసింది మునిలక్ష్మమ్మ.

“లోపలికొద్దు!” అని అరిచింది నాగవేణి.

చచ్చిన పురుగులన్నీ గోతిలో ఉన్నాయి. లోపల కాపాడటానికి ఏమీ లేదు. అయినా అలవాటు కొద్దీ అరుపు వచ్చేసింది. మునిలక్ష్మమ్మ గడప బయటే ఆగి, ఖాళీ షెడ్డుకు బయటినుంచే మూడుసార్లు దిష్టి తిప్పి, వంటింట్లోకి వెళ్లిపోయింది.

*

మరునాడు రాయకోటలో బస్సు దిగి, కోటకొండ కింద పల్లెలో బసవమ్మ ఇల్లు అడుక్కుంటూ వెళ్లింది నాగవేణి. ఆ చుట్టుపక్కల పట్టుపురుగుల సంగతి బసవమ్మకు తెలిసినంత ఎవరికీ తెలియదంటారు. డెబ్బై దాటిన మనిషి. మర్యాదలు నేర్చుకునే తీరిక ఆమెకు ఎప్పుడూ దొరకలేదు.

“ఎవురమ్మా నువ్వు? ఆడనే నిలబడు. కాళ్లు కడుక్కో. చేతులూ కడుక్కో. ఇప్పుడు చెప్పు.”

నాగవేణి చెప్పింది. చెప్తూ సంచిలోంచి చిన్న డబ్బా తీసి మూత తెరిచింది. అందులో నాలుగు చచ్చిన పురుగులు.

బసవమ్మ డబ్బాను చేతిలోకి తీసుకోలేదు. వంగి చూసింది. “ముందు పాత పంటల సంగతి చెప్పు. మొదటిది ఎట్ల పోగొట్టుకున్నావు?”

“వానల్లో అమ్మా. తడి ఆకు వేసినాను. పురుగులు ఉబ్బి పాలలాంటి నీళ్లు కార్చినాయి.”

“రెండోది?”

“చలికాలంలో. మా ఊళ్లో చలి మీకు తెలుసు కదా. పాపమనిపించి కిటికీలకి పట్టలు కట్టి, లోపల బొగ్గుల కుంపటి పెట్టినాను.”

“పాపమని ముక్కు మూసినావా?” బసవమ్మ పకపక నవ్వింది. “గాలి ఆడక మెత్తబడి చచ్చినాయి. అవునా?”

“అవును.” నాగవేణికి సిగ్గేసింది. అయినా పట్టుదలగా చెప్పింది. “మూడోదాన్లో ఆ రెండు తప్పులూ చేయలేదమ్మా. ఆకు ఆరబెట్టే వేసినాను. కిటికీలు తెరిచే పెట్టినాను. జ్వరం నుంచి అన్నీ ఒకటిగా లేచినాయి. ఎంత బాగా మేసినాయో!”

కొత్తవాళ్లకు చెప్పాలి. పట్టుపురుగు చర్మం మార్చుకునే ముందు మేత మానేసి, తలెత్తి కదలకుండా ఉంటుంది. దాన్నే జ్వరమంటారు. నాలుగు జ్వరాలు దాటిన పురుగు గట్టి పురుగు. నాగవేణివి నాలుగూ దాటాయి.

“చచ్చింది ఎంత సేపట్లో?” బసవమ్మ ఇప్పుడు నవ్వడం లేదు.

“మొన్న పొద్దున మేత వేసినాను. మధ్యాహ్నానికి తలలెత్తి అటూ ఇటూ ఆడించినాయి. పచ్చగా కక్కినాయి. పొద్దుమునిగేలోపల ఒకటీ మిగల్లేదు.”

“రోగం కాదు పోమ్మా. విషం.”

“విషమా?”

“రోగమైతే ఈడ నాలుగు, ఆడ నాలుగు అని రోజులు పడుతుంది. ఒక్క పొద్దులో అన్నీ పోయినాయంటే విషమే. గాలిలో వచ్చుండాల, ఆకుతో వచ్చుండాల, లేదంటే కాళ్లతో వచ్చుండాల.” బసవమ్మ లేచి తన పురుగులకు కొమ్మలు పరుస్తూ అడిగింది. “షెడ్డులో ఎవురెవురు పనిచేస్తారు?”

“నేనొక్కదాన్నే. ఇంకెవురినీ రానియ్యను. మా మామ బీడీ తాగుతాడు. మా ఆయన ఫ్యాక్టరీ బట్టలతోనే వచ్చేస్తాడు. మా అత్త పేడ చేతులతో వస్తుంది.”

“వాళ్లకి చెప్పినావా?”

“చెప్పకుండానా! లోపలికి రావద్దని మొదటి రోజే చెప్పినాను.”

“రావద్దని చెప్పినావు, సరే. ఎందుకు రావద్దో చెప్పినావా?”

నాగవేణి తల వంచుకుని డబ్బా మూత పెట్టింది.

“నేను తొమ్మిది పంటలు దిబ్బలో పోసినాను,” అంది బసవమ్మ, ఏదో గొప్ప చెప్పుకున్నట్టు. “అందులో నా తప్పులు నాలుగు. మిగిలిన అయిదూ మా ఇంట్లోవాళ్లు మంచి చేద్దామని చేసినవి. పో, కనుక్కో. కనుక్కున్నాక మళ్లీ రా. ఊరికే ఏడ్చేదానికైతే రావద్దు, నాకు పనుంది.”

తిరుగు బస్సులో నాగవేణికి దుఃఖం కన్నా సంతోషమే ఎక్కువగా ఉంది. రోగం కాదు! తన చేతిలో ఏ తప్పూ లేదు! కిటికీ పక్కన కూర్చుని, వచ్చే పంటకు ఏ మడిలో ఆకు ముందు కోయాలో కూడా లెక్క వేసేసుకుంది. ఇల్లు అలకగానే పండగ కాదని పెద్దలు ఊరికే అన్నారా?

*

“విషమంట,” అంది నాగవేణి, సాయంత్రం అందరూ సంగటి ముందర కూర్చున్నప్పుడు.

ఆదిశేషయ్య చేతిలోని ముద్ద చేతిలోనే ఆగింది. తర్వాత ఆయన ముఖం వెలిగిపోయింది.

“రామచంద్రప్ప!”

పక్క తోట రామచంద్రప్పది. టమాటా పెట్టాడు. సోమవారం పొద్దున వీపుకు డబ్బా తగిలించుకుని మందు కొట్టడం ఊరంతా చూసింది. పైగా గట్టు మీది చింతచెట్టు ఎవరిదన్న విషయంలో ఇద్దరికీ పన్నెండేళ్లుగా మాటల్లేవు. ఇంతకన్నా మంచి నేరస్థుడు ఆదిశేషయ్యకు ఎక్కడ దొరుకుతాడు?

“నేను చెప్తానే ఉన్నాను, వాడు మంచోడు కాదని! నా కోడలు రేయింబగలు కష్టపడి పెంచిన పురుగుల్ని చంపుతాడా? ఏమనుకున్నాడు వాడు?” నిన్న ఇదే కోడలిని తాళంచెవి అడిగిన సంగతి ఆయనకు అస్సలు గుర్తులేదు. చేయి కడుక్కుని, కండువా భుజాన వేసుకున్నాడు. “ఊరందర్నీ పిలుస్తాను. మధ్యవీధిలో నిలబెట్టి అడుగుతాను.”

“నాయనా, గాలి వాళ్ల తోట పక్కకి కదా కొట్టింది సోమవారం,” అన్నాడు చెన్నకేశవ.

“నువ్వు సుమ్మనుండు, మాట్లాడొద్దు! గాలి నీకు చెప్పి కొట్టిందా?”

నాగవేణి కూడా లేచింది. మామ తన పక్షాన నిలబడటం ఆమెకు ఎంత బాగుందో! రామచంద్రప్ప నిజంగా తప్పు చేశాడా లేదా అన్నది ఆ నిమిషంలో ఆమెకూ పట్టలేదు.

ఈ గొడవలో ఒక మనిషి మాత్రం నోరు తెరవలేదు. విషమన్న మాట విన్నప్పటినుంచి మునిలక్ష్మమ్మ సంగటి గరిటె పట్టుకుని నిలబడిపోయింది. మొగుడు చెప్పులేసుకున్నాడు. వాకిలి దాటాడు. వీధిలోకి దిగి “ఏయ్ రామచంద్రప్పా!” అని మొదటి కేక వేశాడు.

“ఆగయ్యా,” అంది మునిలక్ష్మమ్మ.

ఆదిశేషయ్య ఆగలేదు.

“ఆగమంటే ఆగవేమి? మందు ఆ మనిషి వేయలేదు. నేనే వేసినాను!”

వీధిలో ఆయన, వాకిట్లో కొడుకు, గుమ్మంలో కోడలు, ముగ్గురూ వెనక్కి తిరిగి చూశారు.

“నువ్వా?”

“చీమలు... పురుగుల్ని చీమలు పట్టుకుంటా ఉన్నాయని ఆదివారం సాయంత్రం ఆ పిల్ల మొత్తుకుంటా ఉండింది. నన్ను లోపలికి రానియ్యదు. బయటనుంచి నేనేం చేసేది? అంగట్లో చీమల పొడి తెచ్చి...” చేతిలోని గరిటె కింద పెట్టింది. “షెడ్డు గడప ముందర రోజూ వేస్తాను కదా, సోమవారం తెల్లారి ఆ ముగ్గుపిండిలో కలిపినాను. పద్మం ముగ్గు, పెద్దదిగా, గడపకి ఈ కొస నుంచి ఆ కొసకి. చీమ దాటకూడదని. పొడి బయటే కదా ఉండేది, లోపలికి ఎట్ల పోతుందిలే అనుకున్నాను.”

ఎట్లా పోయిందో నాగవేణికి అప్పటికే అర్థమైపోయింది. షెడ్డులోకి చెప్పులతో పోకూడదని ఆమె పెట్టుకున్న నియమమే. ఆ ముగ్గు తొక్కుకుంటూ వట్టి కాళ్లతో ఆ రోజు పొద్దుటినుంచి పదిసార్లు లోపలికీ బయటికీ తిరిగింది. పొలం నుంచి తెచ్చిన ఆకు కట్టలు దించి ఊపిరి తీసుకునేది కూడా ఆ ముగ్గు మీదే. దించి, మళ్లీ ఎత్తుకుని, తన చేతులతో తానే పురుగుల మీద పరిచింది.

“ఒక్క మాట... నాకు ఒక్క మాట చెప్పుండకూడదా అత్తా?”

“చెప్తే వద్దంటావని చెప్పలేదమ్మా. ఏం చెప్పినా వద్దనే కదా అంటావు.”

నాగవేణి కొంగు ముడి విప్పింది. తాళంచెవి తీసి అరుగు మీద పెట్టింది.

“ఇచ్చేయండి మామా. ఉపేంద్రకి ఇచ్చేయండి. నా తప్పయితే దిద్దుకుంటాను. రెండుసార్లు దిద్దుకున్నాను. ఇంట్లోవాళ్లే ఇట్ల చేస్తే నేను దిద్దుకునేది ఏముంది? నాకింక చాతకాదు.”

లోపలికెళ్లి తలుపేసుకుంది. కసిదీరా ఏడ్చింది కూడా. రెండు పంటలు పోయినప్పుడు ఏడవని మనిషి, ఆ రెండింటి ఏడుపూ కలిపి ఏడ్చింది.

బయట రామచంద్రప్ప వచ్చి నిలబడ్డాడు. “పిలిచినావా ఆదిశేషన్నా?” అన్నాడు ఆశగా. పన్నెండేళ్ల తర్వాత పిలుపు మరి!

ఆదిశేషయ్య కండువా సర్దుకున్నాడు. “ఏమీ లేదప్పా. టమాటా ఎట్లుందని,” అన్నాడు.

*

తర్వాత మూడు రోజులు ఆ ఇంట్లో గోడ గడియారం చప్పుడు వినిపించింది. మునిలక్ష్మమ్మ మాట్లాడుతుండగా అది ఎవరికీ వినపడేది కాదు. అంత మాటకారి మనిషి అన్నం వడ్డించి, కంచం ముందర పెట్టి, వెళ్లిపోతోంది. ఏ వాకిట్లోనూ ముగ్గు పడలేదు.

శనివారం చెన్నకేశవకు సెలవు. బావి దగ్గర బట్టలుతుకుతున్న భార్య పక్కన వచ్చి కూర్చున్నాడు.

“అమ్మతో మాట్లాడు వేణీ.”

“నోరు రావడం లేదు. తిట్టాలనే ఉంది, తిట్టలేను. పోనీలెమ్మని అనాలనుంది, అదీ అనలేను.”

“మా కంపెనీలో కొత్తోడు వస్తే మిషను ముట్టుకోవద్దని చెప్పి వదిలేయరు. ముట్టుకుంటే ఏమవుతుందో చూపిస్తారు. వాడే భయపడి దూరంగా ఉంటాడు.” చెన్నకేశవ బావిలోంచి ఒక చేద నీళ్లు తోడిపెట్టాడు. “మూడు పంటల్లో నువ్వు అమ్మకి ఒక్క పురుగన్నా చూపించినావా? పోనీ, నాకు చూపించినావా? జ్వరమంటే ఏందో నాకు ఇప్పటికీ తెలీదు. టాబ్లెట్టు వేయాలేమో అనుకుంటా ఉంటాను.”

నాగవేణికి నవ్వు రాబోయి, అంతలోనే గుచ్చుకుంది. రాయకోటలో బసవమ్మ అడిగిందీ ఇదే. గెలిచినప్పుడు ‘ఒక్కతే చేసింది’ అనిపించుకోవాలన్న ఆశ. ఆ ఆశ ఉండబట్టే ఎవరినీ గడప దాటనివ్వలేదు. దాన్ని శుభ్రత అని పేరు పెట్టుకుంది. తడి ఆకు తప్పు తెలిసింది, కుంపటి తప్పు తెలిసింది, ఈ తప్పు మాత్రం మూడు పంటలనుంచీ చేస్తూనే ఉంది.

“ఇప్పుడు తెలిసి ఏం లాభం? రేపు టేపు వస్తుంది కదా,” అని చీర గట్టిగా పిండింది.

*

ఆదివారం పొద్దున లేచేసరికి మునిలక్ష్మమ్మ ఇంట్లో లేదు. తొలి బస్సుకు ఎటో పోయిందని పాలు పోయించుకోవడానికి వచ్చిన కాళమ్మ చెప్పింది. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో మునిలక్ష్మమ్మ చెప్పకుండా ఊరు దాటడం అదే మొదటిసారి. ఆదిశేషయ్య వాకిట్లో అటూ ఇటూ తిరిగాడు. నాలుగు బీడీలు తగలేశాడు.

పదింటికి ఉపేంద్ర వచ్చాడు. విజయనగరం పక్కనుంచి హోసూరుకు వచ్చి ఆరేళ్లయింది. ఫ్యాక్టరీలో సూపర్వైజరు. తన ఊరి కుర్రాళ్లకు ఉద్యోగాలు చూపించడం, గదులు వెతికిపెట్టడం అతని నెత్తిన పడింది. మంచివాడు, అందుకే ఎవరూ అతని మీద కోపగించుకోలేరు.

“నమస్కారమండీ. ఇబ్బంది పెడుతున్నానేమోనండీ. మావాళ్లు ఎనిమిది మంది ఒక్క గదిలో ఉంటున్నారండీ. పగలు నలుగురు, రాత్రి నలుగురు, వంతులేసుకుని పడుకుంటున్నారు.”

“అయ్యో, ఇబ్బందేముందప్పా. మాటంటే మాటే,” అన్నాడు ఆదిశేషయ్య. తాళంచెవి చొక్కా జేబులోంచి తీసి షెడ్డు తెరిచాడు. ఆ మాట ఆయన నోట్లోంచి రావలసినంత గట్టిగా రాలేదు.

ఉపేంద్ర టేపు కొస గోడకు ఆనించి పట్టుకోమన్నాడు. చెన్నకేశవ పట్టుకున్నాడు. నాగవేణి దూరంగా నిలబడి చూసింది. పురుగులు పెట్టే అరలు ఒక మూలకు నెట్టేసి ఉన్నాయి. చూడలేక ఇంట్లోకి పోదామనుకుంటూ ఉండగానే వీధి గేటు చప్పుడైంది.

మునిలక్ష్మమ్మ! చీర కుచ్చిళ్లు దుమ్ము కొట్టుకుపోయి, భుజాన సంచితో, ఎవరి వైపూ చూడకుండా నేరుగా షెడ్డు దగ్గరికి వచ్చింది.

“యాడికి పోయినావు?” ఆదిశేషయ్య గద్దించాడు.

“రాయకోటకి. బసవమ్మ ఇంటికి.” మూడు రోజుల తర్వాత ఆమె నోరు తెరిస్తే ఆగలేదు. “అబ్బబ్బ, ఎన్ని తిట్టిందమ్మా ఆ యమ్మ! కాళ్లు కడుక్కోమని నాలుగుసార్లు తిప్పి పంపించింది. కానీ అన్నీ చెప్పింది. గడప ముందర జానెడు మట్టి తవ్వి పారేయాలంట. లోపల నేల మూడుసార్లు సబ్బునీళ్లతో కడగాల. తర్వాత బ్లీచింగు, ఆ తర్వాత సున్నం. పాత గంపలు పనికిరావు. నేనే కడుగుతాను, ఎవురూ ముట్టుకోవద్దు.”

“కడిగి ఏం చేసేది? షెడ్డు ఇచ్చేస్తా ఉంటే?”

ఆమె జవాబు చెప్పేలోపు సంచిలో ఫోను మోగింది. ఆమె ఏది నొక్కినా స్పీకరే పడుతుంది. ఈసారీ అదే పడింది.

“మునిలక్ష్మమ్మగారా? పిల్ల పురుగులు పెంచి ఇచ్చే చాకీ సెంటరు నుంచి ప్రవీణ మాట్లాడుతున్నానమ్మా. రాయకోట బసవమ్మగారు మీ పేరు చెప్పినారు. నూరు గుడ్ల పురుగులు, నలభై వేల దాకా, కావాలన్నారంట కదా? వివరాలు రాసుకోవాల.”

ఆదిశేషయ్య నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉన్నాడు.

“రాసుకో తల్లీ.”

“ఇంతకుముందు పురుగులు పెంచినారా అమ్మా?”

మునిలక్ష్మమ్మ కోడలి వైపు చూసింది. ఆ చూపులో బతిమాలడం లేదు, భయమూ లేదు. “పెంచినాము. మూడు పంటలు.”

“గూళ్లు ఎట్లొచ్చినాయి?”

“ఒక్కటీ రాలేదు. మూడూ పోగొట్టినాము.”

ఉపేంద్ర టేపు సగం లాగి ఆగిపోయాడు.

“ఎందుకు పోయినాయో తెలుసా అమ్మా?”

“తెలుసు తల్లీ. ఒకటి తడి ఆకు. ఒకటి కుంపటి. ఒకటి నేను.”

నాగవేణి కళ్లు తుడుచుకుంది. గబగబా వచ్చి అత్త పక్కన నిలబడి ఫోను దగ్గరికి వంగింది.

“అట్ల రాసుకోవద్దు. మూడోది ఆమె ఒక్కతే కాదు. ఎందుకో చెప్పకుండా ఇంట్లోవాళ్లని బయట నిలబెట్టినాను. అది నా తప్పు.”

“మీరెవరు?”

“కోడలినమ్మా.”

“పోయిన కారణాలకి ఫారంలో కాలమ్ లేదమ్మా,” అంది ప్రవీణ. గొంతులో నవ్వు దాచుకుంటోందని తెలుస్తూనే ఉంది. “కానీ బాగుంది, తెలుసుకున్నారు. వచ్చే నెల అయిదో తారీకు పురుగులు పంపిస్తాను. షెడ్డు రెడీగా ఉంటుందా? ఉంటుందంటేనే పేరు రాస్తాను. ఇప్పుడే చెప్పాల.”

తాళంచెవి ఆదిశేషయ్య చేతిలో ఉంది.

మునిలక్ష్మమ్మ ఫోను ఆయన వైపు చాపింది. “నువ్వే చెప్పయ్యా. మధ్యలో ఉన్నది నువ్విచ్చిన మాట.”

“ఈసారీ పోతే?” అన్నాడాయన, భార్యతో కాదు, కోడలితో.

“పోవచ్చు మామా,” అంది నాగవేణి. “పోదని నేను చెప్పలేను. కానీ ఈ మూడిట్లో ఏ ఒక్కదానితోనూ మాత్రం పోదు. అది చెప్పగలను.”

ఆదిశేషయ్యకు ఆ జవాబు నచ్చింది. నచ్చిందని ఒప్పుకోవడం ఇష్టంలేక ముఖం చిట్లించుకున్నాడు. ఉపేంద్ర వైపు ఒకసారి, షెడ్డు వైపు ఒకసారి చూశాడు. ఫోను అందుకుని, గొంతు సవరించుకున్నాడు.

“అమ్మాయ్, ఒక్క పేరే రాసుకుంటావా ఏమి? ఆ కాగితంలో ఇద్దరి పేర్లు పడతాయేమో చూడు. అత్తా కోడలూ, ఇద్దరిదీ. ఆ, షెడ్డు రెడీగానే ఉంటుంది.”

మునిలక్ష్మమ్మ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చెన్నకేశవ టేపు కొస వదిలేశాడు. అది సర్రున పోయి ఉపేంద్ర చేతిలో ముడుచుకుంది. నాగవేణి అత్త చేయి పట్టుకుని, “రండత్తా, అరలు ఎట్ల కట్టాలో చూపిస్తాను,” అని గడప దాటించింది.

లోపలినుంచి మునిలక్ష్మమ్మ మాటలు అప్పుడే మొదలైపోయాయి. ఆ అర అక్కడెందుకు, ఈ కిటికీ ఇంత చిన్నదేమి, జ్వరమొస్తే కషాయం పెట్టకూడదా! ఆదిశేషయ్య ఆ గొంతు వింటూ, ఎన్నాళ్లకో గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. తర్వాత ఉపేంద్ర భుజం మీద చేయి వేశాడు.

“ఏమనుకోవద్దప్పా ఉపేంద్రా. మాట తప్పినాను. మీ వాళ్లకి ఇంకో జాగా నేనే వెతికిస్తాను, వారం పది రోజుల్లో.”

ఉపేంద్ర టేపు జేబులో పెట్టుకున్నాడు. కోపగించుకోలేదు. గడియారం మాత్రం చూసుకున్నాడు.

“వారం పది రోజులంటే కష్టమండీ,” అన్నాడు నెమ్మదిగా. “మీరు మాటిచ్చారు కదా, గోడలు లేచేదాకా ఖాళీ షెడ్డులోనే సర్దుకుంటామని మావాళ్లు పాత గది పొద్దున్నే ఖాళీ చేసేశారండీ. ఎనిమిది మందీ సామాన్లతో సాయంత్రం ఐదింటి బస్సుకి మీ ఊళ్లో దిగుతున్నారు.”